బోర్డు మీద ఒక్క పేరే... బెంచీ దగ్గర ఎందరు?

పామర్రు సెంటర్లో నిలబడి చూడండి. ఒక దారి ఉయ్యూరు మీదుగా బెజవాడ పోతుంది. ఒక దారి బందరు పోతుంది. ఇంకో దారి గుడివాడ, కైకలూరు మీదుగా భీమవరం పోతుంది. మాకు ఇవి ధాన్యం లారీల దారులు. కాలేజీ బస్సుల దారులు. పొట్ట చేతపట్టుకుని హైదరాబాదు పోయే దారులు. కానీ ఇవే దారుల మీద ప్రపంచం గుర్తుపెట్టుకున్న ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పుట్టారు. భీమవరంలో 1895లో యల్లాప్రగడ సుబ్బారావు. ఉయ్యూరులో 1899లో కోలాచల సీతారామయ్య. ఒకరు అమెరికాలో కోట్ల మందికి పనికొచ్చే మందులకు బాట వేశారు. మరొకరు సోవియట్ యూనియన్‌లో ఇంజన్ ఆయిళ్ల శాస్త్రానికి పునాది వేశారు. ఇద్దరూ పరాయి గడ్డ మీదే కన్నుమూశారు.

జయంతి వస్తే ఫొటోకు దండ వేస్తాం. మనవాడే అని కాలరు ఎగరేస్తాం. బాగానే ఉంది. మేము అడిగేది ఇంకో మాట. ఇవాళ అదే పామర్రు సెంటర్లో తెల్లవారుజామున క్యారియర్ పట్టుకుని బస్సు కోసం నిలబడ్డ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అమ్మాయి సంగతేమిటి? కౌలు రైతు కూతురో, ఆటో నడిపే ఆయన కూతురో, వరి కోతలకు పోయే తల్లి కూతురో, ఆ పిల్ల రేపు ఏదో విశ్వవిద్యాలయంలో ఒక రీసెర్చి గ్రూపులో చేరుతుంది. అక్కడ ఆమె ఎవరు? ఆమె చేసిన పనికి పేరు ఎవరికి? పైసా ఎవరికి? పోస్టు ఎవరికి?

నీళ్లు, నిధులు, నియామకాలు అని ఒక ప్రాంతం లెక్క అడిగితే దేశమంతా వినాల్సి వచ్చింది. ఆ లెక్క అడిగినవాళ్లలో ముందు వరసలో నిలబడింది ఉస్మానియా హాస్టళ్ల విద్యార్థులు, రీసెర్చి స్కాలర్లే. 2009 చలికాలంలో లాఠీలు తిన్నదీ వాళ్లే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. ఎల్లలు మారాయి. జెండాలు మారాయి. మరి ల్యాబు లోపల ఏం మారింది? అదే లెక్క ఇప్పుడు ల్యాబు తలుపు తోసుకుని లోపలికి రావాలంటున్నాం. పేరు, పైసా, పోస్టు. ఈ మూడింటి లెక్క తేలాలి.

గ్రూపు అంటే ఎవరు?

ఏ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ బ్లాకుకైనా వెళ్లండి. తలుపు మీద బోర్డు ఉంటుంది. ఫలానా ప్రొఫెసర్ గారి రీసెర్చి ల్యాబొరేటరీ అని ఉంటుంది. ఒక్కటే పేరు. తలుపు తీసి లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టండి.

కిటికీ పక్క బెంచీ దగ్గర జేఆర్‌ఎఫ్ వచ్చిన స్కాలరు. అదే బెంచీకి రెండో కొసన ఏ ఫెలోషిప్పూ రాని స్కాలరు. మూలన ప్రాజెక్టు అసిస్టెంటు. ప్రాజెక్టు ముగిసిన రోజే అతని ఉద్యోగమూ ముగుస్తుంది. శనివారం రాత్రి బస్సెక్కి వచ్చే పార్ట్‌టైమ్ స్కాలరు. వారమంతా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆదివారం తన సొంత పని మొదలుపెడతాడు. ఆఖరి సెమిస్టరు ప్రాజెక్టు కోసం వచ్చిన ఎమ్మెస్సీ పిల్లలు. గంటకింత అని లెక్కకట్టి ఇచ్చే గెస్ట్ ఫ్యాకల్టీ మేడం. స్టోర్సులో సాల్వెంట్ క్యాన్లు రాసుకునే ఉద్యోగి. గాజు సామాను కడిగి ఓవెన్‌లో ఆరబెట్టే అటెండరు. గ్యాస్ సిలిండరు దొర్లించుకొచ్చే మనిషి. సాయంత్రానికి వాడి పారేసిన సాల్వెంటు, పగిలిన గాజు ఎత్తిపోసే స్వీపరమ్మ. విరిగిన కండెన్సరును అతికి మళ్లీ పనికి తెచ్చే గ్లాస్ బ్లోయర్ ఒకప్పుడు ఉండేవాడు. చాలాచోట్ల ఆ మనిషి రిటైరైన రోజే ఆ పోస్టూ రిటైరైపోయింది.

ఇదీ గ్రూపు. ఇందరు కలిస్తే ఒక పరిశోధన పత్రం. ఇందరు కలిస్తే ఒక డాక్టరేటు. బోర్డు మీద మాత్రం ఒక్కటే పేరు!

పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాం. పొద్దున్నే రియాక్షన్ పెడతారు. గంట గంటకూ చిన్న ప్లేటు మీద చుక్క పెట్టి టీఎల్‌సీ చూస్తారు. అయ్యిందనుకుంటే వర్కప్. ఆ తర్వాత సిలికా జెల్‌తో కాలమ్ వేసి, హెక్సేను, ఇథైల్ ఎసిటేటు పోస్తూ, పరీక్షనాళికల వరస నింపుతూ గంటల తరబడి నిలబడతారు. రోటావేపర్ మీద సాల్వెంటు లాగేస్తే అడుగున మిగిలేది ఒక్కోసారి చిటికెడు పొడి. ఒక్కోసారి అదీ ఉండదు. మర్నాడు మళ్లీ మొదటికి. ఇలా పది సార్లు తప్పాక పదకొండోసారి కుదిరితే దాన్ని పేపర్లో ఒక వాక్యంగా రాస్తారు. పది ఓటములు మోసిన కాళ్లు ఆ పిల్లవి. ఆ ఒక్క వాక్యం కింద పేరు ఏ వరసలో ఉంటుందో మాత్రం ఆ పిల్ల చేతిలో లేదు.

పత్తిపూలు కోసినవాళ్ల పేరేది?

ఇది ఇవాళ పుట్టిన జబ్బు కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది మా బెజవాడలోనే. 1930లో విశాఖపట్నం తరలింది. అక్కడ 1934 నుంచి 1949 దాకా రసాయన శాస్త్రంలో పరిశోధన నడిపినవారు టి.ఆర్. శేషాద్రి. పూలల్లో, ఆకుల్లో, బెరడుల్లో ఉండే రంగు పదార్థాల మీద ఆయన బృందం చేసిన పని ప్రపంచానికి తెలిసింది. పత్తిపూల రంగుల మీద ఆ రోజుల్లో వచ్చిన పత్రాలు ఇప్పటికీ చదువుతారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయినా ఆ పని ఆగలేదు. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లారు. 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు.

మేము ఆయనను తక్కువ చెయ్యడం లేదు. ఖరీదైన యంత్రాలు లేని రోజుల్లో, మన చెట్టూ చేమలనే ముడిసరుకుగా తీసుకుని, తెలుగు నేల మీద ఆధునిక రసాయన పరిశోధనను నిలబెట్టిన మనిషి. పత్రాల మీద శిష్యుల పేర్లు పెట్టిన మనిషి. శిష్యులు తర్వాత అనేక విభాగాల్లో తామే గురువులయ్యారు. గ్రూపు అంటే ఏమిటో ఆ తరం చూపించింది.

కానీ ఒక్క ప్రశ్న. రంగు తియ్యాలంటే గుప్పెడు పూలు చాలవు. బస్తాల కొద్దీ కావాలి. ఆ పత్తిపూలు కోసిందెవరు? ఎండబెట్టిందెవరు? మోసుకొచ్చిందెవరు? ఆ చేతుల పేరు ఏ పత్రం అడుగునా మాకు కనపడదు. అక్కడి నుంచే మొదలైంది ఈ లెక్క తప్పడం.

సుబ్బారావు గారి సంగతే చూడండి. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ ల్యాబులో పనిచేశారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లో అచ్చయింది. ఇవాళ్టికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ ఆ ల్యాబులోనే బయటపడ్డాయి. ఇంత చేసిన మనిషికి హార్వర్డ్‌లో శాశ్వత పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. అక్కడ ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసి 1945లో ప్రకటించింది. ఆ పత్రం మీద ఎన్ని పేర్లున్నాయో తెలుసా? పదహారు. బృందం మొత్తాన్నీ నడిపిన సుబ్బారావు పేరు ఆ వరసలో ఎక్కడో నడుమ ఉంటుంది. బృందాన్ని ముందుకు తోసి తాను నడుమ నిలబడ్డ నాయకుడు మన భీమవరం వాడు. ఇవాళ ఆయన ఫొటోకు దండ వేసే ఎందరు పెద్దలు ఆ ఒక్క గుణాన్ని నేర్చుకున్నారు?

ఎనిమిది వేలు కూడా లేనివాళ్లు

ఇక పైసా లెక్క. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత సీనియర్ ఫెలోషిప్పు 42,000. ఇంటి అద్దె వేరు. 2019లో దేశమంతా స్కాలర్లు రోడ్డెక్కితే 31,000 అయింది. మళ్లీ అడిగి అడిగి 37,000 అయింది. ఎవరి దయా కాదు, అడిగి తెచ్చుకున్నది.

మరి నెట్‌లో జేఆర్‌ఎఫ్ రానివాళ్లకు? కేంద్ర విశ్వవిద్యాలయంలో ఉంటే నెలకు 8,000. దాన్ని కూడా 2015 అక్టోబరులో ఎత్తేస్తామన్నారు. పిల్లలు ఢిల్లీ యూజీసీ ఆఫీసు ముందు చలిలో పడుకుంటే ఆగింది. ఇక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఉన్నవాళ్లకు ఆ పథకంలో చోటే లేదు. ఆ 8,000 కూడా లేదు. కృష్ణా విశ్వవిద్యాలయమైనా, నాగార్జున అయినా, నల్గొండ మహాత్మాగాంధీ అయినా, కరీంనగర్ శాతవాహన అయినా, పాలమూరు అయినా ఇదే గతి. రాష్ట్రం రెండుగా చీలినా ఈ అన్యాయం మాత్రం రెండు వైపులా చెక్కుచెదరలేదు.

ఒకే బెంచీ. ఒకే హెక్సేన్ వాసన. ఒకే పన్నెండు గంటల పని. ఒకరికి 37,000. పక్కవాళ్లకు సున్నా. ఆ సున్నా వచ్చేది ఎవరికి? కోచింగుకు లక్షలు పోయలేనివాళ్లకు. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు. డిగ్రీ చదువుతూనే మెడికల్ షాపులో రాత్రి డ్యూటీ చేసినవాళ్లకు. తెలివి తక్కువై కాదు, మొదలుపెట్టిన గీతే వెనక ఉండి. ఈ సున్నా స్కాలరే ట్యూషన్లు చెప్పుకుంటూ ల్యాబుకొస్తాడు. ఆలస్యంగా వచ్చాడని మాట పడతాడు. ఆరేళ్ల గడువు దగ్గరపడితే వాడికి సిన్సియారిటీ లేదంటారు. సిన్సియారిటీ కొనుక్కోవడానికి కూడా పైసలు కావాలి అయ్యా!

ఆడపిల్లల సంగతి చెప్పాలా? ప్రసూతి కోసం 240 రోజుల సెలవు ఇవ్వవచ్చని యూజీసీ 2016 నిబంధనల్లో రాసింది. మంచిదే. ఫెలోషిప్పే లేని పిల్లకు ఆ సెలవు అంటే ఏమిటి? జీతం లేని పనికి జీతం లేని సెలవు.

యంత్రం ఒక ఊళ్లో, మనిషి ఒక ఊళ్లో

1972లో జై ఆంధ్ర అని మా కృష్ణా జిల్లా ఊళ్లు కూడా వేరు రాష్ట్రం కోసం రోడ్డెక్కాయి. అంతకు మూడేళ్ల ముందు 1969లో తెలంగాణ నెత్తురు చిందించింది. ఈ రెండు మంటల మీద నీళ్లు చల్లడానికి 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం తెచ్చారు. అందులో ఒక సూత్రంగా పుట్టిందే హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయం. 1974లో చట్టమైంది. ఇవాళ దేశంలో పేరున్న కెమిస్ట్రీ స్కూలు అక్కడుంది. అంటే ఏమిటి? రెండు ప్రాంతాల పిల్లలు రోడ్డు మీద పడితేనే ఒక ల్యాబు వచ్చింది. ఉద్యమం లేకుండా పరీక్షనాళిక కూడా రాదు ఈ దేశంలో.

అయితే వచ్చినవన్నీ వచ్చింది ఒక్క ఊరికే. 1944లో నిజాం కాలంలో మొదలైన పరిశోధన కేంద్రమే నేటి ఐఐసీటీ. దానికి తోడు కేంద్ర విశ్వవిద్యాలయం, తోడు మందుల కంపెనీల ల్యాబులు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు 2015లో తిరుపతిలో ఐఐటీ, ఐసర్, తాడేపల్లిగూడెంలో నిట్ వచ్చాయి. మరి 2008లో బందరుకు వచ్చిన కృష్ణా విశ్వవిద్యాలయం లాంటి జిల్లా విశ్వవిద్యాలయాలకు ఏం ఒరిగింది?

కొత్త పదార్థం చేశామని రుజువు చెయ్యాలంటే ఎన్‌ఎంఆర్ తియ్యాలి. ఆ యంత్రంలో అయస్కాంతం చల్లగా ఉండాలంటే సున్నాకు 269 డిగ్రీల కింద ఉండే ద్రవ హీలియం కావాలి. కొనడానికి కోట్లు, మేపడానికి లక్షలు. ఆ యంత్రం లేని విశ్వవిద్యాలయపు స్కాలరు చిటికెడు పొడిని చిన్న సీసాలో వేసి పరాయి ఊరు పంపాలి. నమూనాకు ఇంత అని కట్టాలి. వరసలో ఉండాలి. అక్కడి స్కాలరు పొద్దున ఇచ్చి సాయంత్రం చూసుకునే ఫలితం, ఇక్కడి పిల్లకు వారాల తర్వాత వస్తుంది. సీసాలో పదార్థం ఈలోగా పాడైతే మళ్లీ కాలమ్ వేసుకోవాలి. ఇద్దరినీ ఒకే ఇంటర్వ్యూలో కూర్చోబెట్టి నీకెన్ని పేపర్లున్నాయి అని అడుగుతారు. ఇదేనా సమాన పోటీ?

పైవాళ్లకు ఈ పిల్లల గోడు ఎంత దూరమో చెప్పడానికి ఒక్క ముచ్చట చాలు. 2024 జులై కేంద్ర బడ్జెట్లో ల్యాబు రసాయనాల మీద దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి ఒక్క దెబ్బన 150 శాతానికి పెంచారు. దేశమంతా శాస్త్రవేత్తలు నెత్తీ నోరూ కొట్టుకున్నాక కొద్ది రోజులకే ల్యాబుల వరకు వెనక్కి తగ్గారు. ల్యాబులో ఏం వాడతారో, అది ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండానే కలం కదిలిందన్నమాట.

పోస్టు ఏది?

ఐదారేళ్లు ఇలా కాలమ్‌లు వేసి డాక్టరేటు పట్టా పట్టుకుని బయటికొచ్చాక ఎక్కడికి పోవాలి? విశ్వవిద్యాలయాల్లో పోస్టులు ఖాళీ. భర్తీ మాత్రం లేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. కోర్టు మెట్ల మీద ఆగిపోయాయి. ఖాళీల్లో గెస్టులు, కాంట్రాక్టులు. పాఠం అదే, పరీక్ష అదే, జవాబు పత్రాల కట్టలవే. జీతం మాత్రం అది కాదు. పేరుకు గెస్టు. అతిథికి ఇలా అన్నం పెట్టే ఇల్లు మా డెల్టాలో ఎక్కడా చూడలేదు.

మొదటి మెట్టే విరగ్గొట్టిన సంగతీ ఉంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటు ఆపేశారు. పక్క ఊరి కాలేజీలో ఎమ్మెస్సీ చదవగలిగిన పిల్ల ఇంట్లో కూర్చుంది. ఆ రోజు ఇంట్లో కూర్చున్న పిల్ల ఏ రీసెర్చి గ్రూపు తలుపూ తట్టలేదు.

ఎమ్మెస్సీతో ఆగినవాళ్ల దారి పరవాడ, అచ్యుతాపురం, జీడిమెట్ల, పాశమైలారం. కెమిస్టు ఉద్యోగం. షిఫ్టులు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఎసైన్షియా ఫార్మా యూనిట్లో పేలుడుకు 17 మంది బలయ్యారు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీలో 40 మందికి పైగా పోయారు. ఒకటి ఆంధ్రలో, ఒకటి తెలంగాణలో. మంటకు ప్రాంతం లేదు.

ప్రాణం ఎవరిది?

ల్యాబులో మాత్రం భద్రత ఉందా? 2008 డిసెంబరు 29న అమెరికాలో లాస్ ఏంజిలెస్ విశ్వవిద్యాలయ కెమిస్ట్రీ ల్యాబులో గాలి తగిలితేనే అంటుకునే రసాయనం సిరంజిలోంచి బయటపడింది. షెరి సాంగ్జీ అనే 23 ఏళ్ల రీసెర్చి అసిస్టెంటు ఒంటి మీద ల్యాబు కోటు లేదు. 18 రోజులు ఆస్పత్రిలో పోరాడి చనిపోయింది. అక్కడ ప్రొఫెసరు మీదే క్రిమినల్ కేసు పెట్టారు. 2014లో రాజీతో ముగిసినా, గ్రూపు పెద్ద అంటే పేరుకే కాదు, ప్రాణాలకూ బాధ్యుడే అన్న మాట లోకానికి తెలిసింది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి 2009 డిసెంబరు 29న ముంబై భాభా అణు పరిశోధన కేంద్రంలో కెమిస్ట్రీ ల్యాబు అంటుకుని ఇద్దరు యువ పరిశోధకులు చనిపోయారు.

మా వాళ్లు పనిచేసిన ఒక ల్యాబులో ఫ్యూమ్ హుడ్ ఫ్యాను ఏళ్ల తరబడి తిరగలేదు. అందులో పాత రికార్డులు పేర్చారు. రియాక్షన్ బయట బెంచీ మీదే. అటెండరుకు గ్లవ్స్ అడిగితే ఇండెంటు పెట్టామన్నారు. ఆ ఇండెంటు ఇప్పటికీ వస్తూనే ఉంది!

మంటలు లేకుండానే పోయిన ప్రాణాలూ ఉన్నాయి. హైదరాబాదు కేంద్ర విశ్వవిద్యాలయంలో 2008లో సెంథిల్ కుమార్. 2013లో మాదారి వెంకటేశ్. 2016 జనవరి 17న మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల. ముగ్గురూ దళిత స్కాలర్లుగా పోరాడినవాళ్లు. ముగ్గురి విభాగాలు వేరు. కానీ గైడు కేటాయించలేదు, ఫెలోషిప్పు ఆగింది అన్న మాటలే ఈ చావుల చుట్టూ మళ్లీ మళ్లీ వినిపించాయి. మా పామర్రు 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అసెంబ్లీలో కుర్చీ దొరికింది. ల్యాబులో బెంచీ ఎప్పుడు దొరుకుతుంది?

గురువు మీద తిరుగుబాటా?

ఈ మాటలు అంటే కొందరికి కోపం వస్తుంది. ఆలోచన గైడుది, ప్రాజెక్టు తెచ్చింది గైడు, తప్పయితే తల దించుకునేది గైడు, మరి పేరు ఆయనది కాక ఎవరిది అంటారు. న్యాయమైన మాటే. మంచి గైడు ఎంత విలువైనవారో ఆయన కింద పనిచేసినవాళ్లకే తెలుసు. సొంత జీతంతో రసాయనాలు కొన్నవారు, శిష్యురాలి ఫీజు కట్టినవారు, అర్ధరాత్రి ఫోను చేసినా ఎత్తేవారు ఉన్నారు. వారానికి 14 నుంచి 16 గంటలు పాఠాలు, ఆపైన ఖాళీ పోస్టుల భారం, కమిటీలు, న్యాక్ ఫైళ్లు మోసే వాళ్ల మీద మాకు పగ లేదు. వాళ్లూ ఈ వ్యవస్థ కింద నలిగినవాళ్లే.

మేము పోరాడేది మనిషితో కాదు, బోర్డుతో. ఒక్క పేరు కింద అందరూ మాయమయ్యే ఏర్పాటుతో. ఆ ఏర్పాటు ఎక్కడికి తీసుకుపోతుందో తిరుపతి చూపించింది. 2008లో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ పేరుతో వచ్చిన దాదాపు 70 పత్రాలు కాపీలు, కల్పనలు అని తేలి ప్రపంచమంతా గగ్గోలైంది. బెంచీ దగ్గర ఎవరేం చేశారో రాసిపెట్టే అలవాటు, ఇది తప్పండీ అని చెప్పగల ధైర్యం గ్రూపులో ఉండి ఉంటే 70 దాకా పోయేదా? నోరు లేని శిష్యులు గురువునూ కాపాడలేరు.

తెలుగువాడి ఆత్మగౌరవం అని 1982లో ఊరూరా మోగించిన ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మా పామర్రు మండలమే. ఆత్మగౌరవం ఢిల్లీ ముందు ఒకటి, ల్యాబులో ఒకటి ఉండదు.

మేము అడుగుతున్నది ఇదీ

ప్రతి ల్యాబు తలుపు మీద గ్రూపులో ఉన్న అందరి పేర్లూ ఉండాలి. అటెండరు పేరు కూడా. పత్రంలో ఎవరు ఏ పని చేశారో రాయాలి. వరస ఎలా నిర్ణయించారో గ్రూపు ముందు చెప్పాలి.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఫుల్‌టైమ్ స్కాలరు ప్రతి ఒక్కరికీ బతకగలిగే ఫెలోషిప్పు రెండు ప్రభుత్వాలూ ఇవ్వాలి. జీతాల రోజునే ఇవ్వాలి.

చేరిన ఇన్ని రోజుల్లో గైడును కేటాయించాలని గడువు పెట్టాలి. ఒక ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4 మందికి గైడుగా ఉండవచ్చు. ఎవరి కింద ఎన్ని ఖాళీలున్నాయో, రోస్టరు ఎలా నింపారో నోటీసు బోర్డు మీద పెట్టాలి.

ఖాళీ పోస్టులు భర్తీ చెయ్యాలి. గెస్టులకు, కాంట్రాక్టు వాళ్లకు చేసిన పనికి తగిన జీతం ఇవ్వాలి. స్టోర్సు, అటెండరు, గ్లాస్ బ్లోయర్ పోస్టులు తిరిగి తేవాలి.

జిల్లా విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి పరికరాల కేంద్రాలు కావాలి. డెల్టాలో ఒకటి, పాలమూరులో ఒకటి, ఉత్తర తెలంగాణలో ఒకటి. అక్కడి స్కాలరుకు పైసా తీసుకోకుండా నమూనా చెయ్యాలి.

ఫ్యూమ్ హుడ్ తిరగని ల్యాబులో రియాక్షన్ పెట్టించకూడదు. రాత్రి ఒంటరిగా పని చేయించకూడదు. స్కాలరు నుంచి స్వీపరు దాకా అందరికీ బీమా ఉండాలి.

ఇవేమీ గొంతెమ్మ కోర్కెలు కావు. పని చేసినవాళ్ల లెక్క పనిచేసినవాళ్లకు చెప్పమంటున్నాం, అంతే. కాలువ చివరి పొలానికి నీళ్లు రాకపోతే ఆనకట్ట ఎంత గొప్పదైతే ఏం లాభమని మా డెల్టా రైతు అడుగుతాడు. మేమూ అదే అడుగుతున్నాం. బెంచీ చివర నిలబడ్డ పిల్లదాకా పేరు రాకపోతే, పైసా రాకపోతే, పోస్టు రాకపోతే, మీ విశ్వవిద్యాలయం ఎవరికోసం?

రేపు తెల్లవారుజామున పామర్రు సెంటర్లో ఆ అమ్మాయి మళ్లీ నిలబడుతుంది. సుబ్బారావు దారి ఒకవైపు, సీతారామయ్య దారి ఒకవైపు. ఇద్దరినీ దేశం దాటించాం. మూడోసారి ఆ తప్పు చెయ్యనివ్వం.

పేరులో వాటా! పైసాలో వాటా! పోస్టులో వాటా!